చేయించే పుస్తకం

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక పనిని ఎలా చేయాలో, ఒక మార్పు ఏ క్రమంలో జరుగుతుందో తెలిపే రచనలు విధాన రచనలు. బాలల కోసం ఇటువంటి పుస్తకాలను ఎంపిక చేసేటప్పుడు పాటించవలసిన ప్రమాణాలను గోదావరి డెల్టా జనజీవనం నుంచి గ్రహించిన ఉదాహరణలతో వివరించడం, శ్రమలో దాగిన విజ్ఞానం పట్ల విద్యార్థులలో గౌరవభావాన్ని కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రాథమిక పాఠశాలలోని పుస్తకాల అర ముందు నిలబడి చూస్తే నీతికథలు, బాలగేయాలు, జాతీయ నాయకుల జీవితచరిత్రలు, పురాణగాథలు కనిపిస్తాయి. బాల్యానికి అవన్నీ అవసరమైనవే. అయితే ఆ అరలో అరుదుగా కనిపించే పుస్తకం ఒకటుంది. గాలిపటం ఎలా కట్టాలి, విత్తనాన్ని ఎలా మొలకెత్తించాలి, కొబ్బరిపీచు తాడుగా ఎలా మారుతుంది అని చెప్పే పుస్తకం అది. కథ చదివిన పిల్లవాడు కథను తలచుకుంటాడు. ఈ పుస్తకం చదివిన పిల్లవాడు లేచి పని మొదలుపెడతాడు. అందుకే దీనిని చేయించే పుస్తకం అనవచ్చు.

విద్యార్థులారా! ఇది ఉపాధ్యాయులకు సంబంధించిన విషయం కదా, మాకెందుకని మీరు అనుకోవచ్చు. మీలో కొందరు ఇంటర్మీడియట్ పూర్తికాగానే ఉపాధ్యాయ శిక్షణకు వెళతారు. కొందరు జాతీయ సేవా పథకం శిబిరాలలో పల్లె పాఠశాలలకు పుస్తకాలు సేకరించి ఇస్తారు. తక్కినవారికి ఇంట్లో తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఉంటారు. పిల్లల చేతికి ఏ పుస్తకం అందించాలో నిర్ణయించే పెద్దరికం మీ వయస్సుకు అప్పుడే వచ్చింది. ఆ పెద్దరికాన్ని తెలియక చేసిన పొరపాటుతో నేను ఎలా నేర్చుకున్నానో ముందుగా చెబుతాను.

ఒక పొరపాటు

అధ్యాపకుడిగా చేరిన తొలి సంవత్సరాలలో కోనసీమలోని ఒక పల్లె పాఠశాలకు పుస్తకాలు ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. ప్రాచీన కావ్యాలు చదువుకున్న నాకు శైలి మీద మక్కువ ఎక్కువ. మన ప్రాంతపు వంటకాలను గురించి పిల్లల కోసం రాసిన ఒక చిన్న పుస్తకం నన్ను ఆకట్టుకుంది. అందులో పూతరేకుల తయారీ మీద రెండు పుటలున్నాయి. రేకు తెలుపును, పలుచదనాన్ని, నోటిలో కరిగే తీరును రచయిత మనోహరంగా వర్ణించాడు. నేను ఆ పుస్తకాన్ని తీసుకువెళ్ళి అయిదవ తరగతి పిల్లల చేత చదివించాను. ఆ తరువాత "పూతరేకు ఎలా చేస్తారో ఇప్పుడు మీరు చెప్పండి" అన్నాను. తరగతి అంతా మౌనం వహించింది. చివరి వరుసలో కూర్చున్న ఒక బాలిక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. ఎందుకు నవ్వావని అడిగాను.

"ఆయ్, ఇది చదివితే మా అమ్మ కూడా రేకు తియ్యలేదండి మాస్టారూ!" అంది.

ఆమె తల్లి రోజూ రేకులు తీసే పనికి వెళుతుందని అప్పుడు తెలిసింది. "ఏం లోపించిందమ్మా?" అన్నాను. "కుండ ఎంత కాగాలో రాయలేదండి. పిండి ఎంత పల్చగా ఉండాలో రాయలేదండి. బట్ట ఎటు లాగాలో కూడా రాయలేదండి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పదేళ్ళ పిల్ల ఒక్క నిమిషంలో ఆ పుస్తకాన్ని పరిష్కరించింది. పుస్తకంలో దోషముంటే దానిని ఎంపిక చేయడంలో నా దోషం అంతకంటె పెద్దది. నేను ఆ పుటలను కళ్ళతో చదివాను. ఆ బాలిక చేతులతో చదివింది.

వర్ణన - విధానం

అందంగా వర్ణించడం వేరు, చేసే విధానం చెప్పడం వేరు. ఈ భేదం మన ప్రాచీన సాహిత్యంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఎటువంటి భోజనం పెట్టేవాడో వర్ణించాడు. చదివినవారికి నోరూరుతుంది. కాని ఆ పద్యాలను ముందు పెట్టుకొని వంట చేయలేము. చేయలేకపోవడం ఆ కావ్యానికి లోపం కాదు. కవి ఉద్దేశం రసానుభూతి, పాకవిధానం కాదు.

పావులూరి మల్లన ఉద్దేశం వేరు. క్రీ.శ. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహా'న్ని మల్లన పద్యరూపంలో తెనిగించాడు. తెలుగులో లభిస్తున్న తొలి శాస్త్రగ్రంథంగా పండితులు దానిని పేర్కొంటారు. లెక్కను ఎలా సాధించాలో చెప్పడం అతని పని. పద్యం ఎంత బాగున్నా లెక్క తప్పితే ఆ గ్రంథం నిష్ప్రయోజనం. మూలంలోని జైనమత సంబంధమైన ఉదాహరణలకు బదులు శైవ సంప్రదాయానికి చెందినవాటిని చేర్చి అతడు తన కాలపు పాఠకులకు గ్రంథాన్ని సన్నిహితం చేశాడు. పాఠకుడికి తెలిసిన లోకం నుంచి ఉదాహరణ తీసుకోవాలన్న సూత్రం మనకు అంత పాతది.

కాబట్టి పుస్తకం చేతికి తీసుకోగానే మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఇది పనిని వర్ణిస్తున్నదా, పనిని నేర్పుతున్నదా? రెండూ మంచివే. కాని ఒకదాని స్థానంలో మరొకదానిని పెట్టరాదు.

చేసే క్రమం - జరిగే క్రమం

విధాన రచనలలో రెండు రకాలున్నాయి. చదువరి స్వయంగా చేయడానికి ఉద్దేశించినవి మొదటి రకం. గాలిపటం, కాగితపు పడవ, నిమ్మరసం, మొలకల పెంపకం వంటివి ఈ కోవకు చెందుతాయి. చదువరి చేయకపోయినా ఒక పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి ఉద్దేశించినవి రెండవ రకం. ధాన్యం బియ్యంగా మారడం, గొంగళిపురుగు సీతాకోకచిలుక కావడం, నది నీరు పొలానికి చేరడం వంటివి ఇందులోకి వస్తాయి.

రెండవ రకానికి మన కళ్ళెదుటే గొప్ప ఉదాహరణ ఉంది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం జరిగింది. అక్కడ నిలిచిన నీరు ప్రధాన కాలువలలోకి, వాటి నుంచి శాఖా కాలువలలోకి, తూముల గుండా పంట బోదెలలోకి, బోదెల నుంచి చేలలోకి ప్రవహిస్తుంది. చాలా పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. కాని డెల్టా రైతుకు నీరు రావడం ఎంత ముఖ్యమో, పోవడమూ అంతే ముఖ్యం. చేనులో మిగిలిన నీటిని మురుగు కాలువ సముద్రం వైపు తీసుకుపోవాలి. మురుగు కాలువ పూడిపోతే వరి నీట మునిగి కుళ్ళిపోతుంది. మురుగు కాలువ లేని బొమ్మ సగం బొమ్మ. ఈ రకపు పుస్తకాన్ని ఎంచుకునేటప్పుడు క్రమం మొదటి నుంచి చివరి వరకు పూర్తిగా ఉన్నదా, ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు కారణం చెప్పబడినదా అని పరిశీలించాలి.

వ్యాకరణం చేసే మేలు

విధానాన్ని చెప్పడానికి తెలుగు భాషలో చక్కని పనిముట్లున్నాయి. మీరు పాఠశాలలో నేర్చుకున్న అసమాపక క్రియలే ఆ పనిముట్లు. 'కడిగి', 'నానబెట్టి' అనే క్త్వార్థకాలు ఒక పని తరువాత మరొక పని అని తెలుపుతాయి. 'కలుపుతూ', 'తిప్పుతూ' అనే శత్రర్థకాలు రెండు పనులు ఒకేసారి సాగాలని తెలుపుతాయి. 'ఆరితే', 'పొంగితే' అనే చేదర్థకాలు షరతును తెలుపుతాయి. "పాలు కలిపి కాచాలి", "పాలు కలుపుతూ కాచాలి" అనే రెండు వాక్యాలలో ఒక్క ప్రత్యయమే మారింది. పాత్రలో జరిగేది మాత్రం పూర్తిగా మారిపోయింది.

అయితే ఈ సౌలభ్యమే ఒక్కొక్కప్పుడు ప్రమాదమవుతుంది. "బియ్యాన్ని కడిగి, నానబెట్టి, రుబ్బి, పలుచన చేసి, బట్టను ముంచి, కుండపై పరచి తీయాలి" అనే వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కాని ఏడు పనులు ఒకే గొలుసులో చిక్కుకున్నాయి. నానబెట్టడానికి గంటలు పడుతుంది. కుండపై పరచిన రేకును తీయడానికి క్షణం పడుతుంది. ఆ వాక్యంలో గంటకూ క్షణానికీ ఒకే స్థానం లభించింది. పెద్దలు అనుభవంతో దానిని పూరించుకుంటారు. పిల్లలు పూరించుకోలేరు. చిన్న తరగతుల పుస్తకంలో ఒక వాక్యానికి ఒక పని చాలు. పనికీ పనికీ నడుమ పట్టే కాలం విడిగా చెప్పాలి.

కొలత

విధాన రచనకు ప్రాణం కొలత. "తగినంత", "కొంచెం", "సరిపడా" అనే మాటలు తెలిసినవారికి చాలు, తెలియనివారికి శూన్యం. మన పెద్దలకు గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం అనే కొలతలుండేవి. అంటే చదువు లేని ఇంట్లో కూడా కొలత ఉండేది. కాగితం మీదికి వచ్చేసరికి అది జారిపోయింది.

కొలత తప్పితే ఏమవుతుందో తెలియడానికి వంట కంటె గంభీరమైన ఉదాహరణ చెబుతాను. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరదను ఈ ప్రాంతపు పెద్దలు నేటికీ మరచిపోలేదు. వరద తీసిన తరువాత తాగునీరు కలుషితమై అతిసారం వ్యాపించే ప్రమాదం ఉంటుంది. అతిసారంలో శరీరంలోని నీరు, లవణాలు వేగంగా తరిగిపోతాయి. ఆసుపత్రి నుంచి తెచ్చే లవణ మిశ్రమం పొట్లం అందుబాటులో లేనప్పుడు ఇంటిలోనే ద్రావణాన్ని తయారుచేసుకోవచ్చు. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో అంచుకు సమంగా కొలిచిన 6 టీచెంచాల పంచదార, అదే విధంగా కొలిచిన అర టీచెంచా ఉప్పు కలపాలి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు మేలు బదులు హాని కలుగుతుంది. కాబట్టి ఇక్కడ "కొంచెం ఉప్పు" అని రాయడం కేవలం శైలీదోషం కాదు. వ్యాధి తగ్గకపోతే వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలన్న మాట కూడా ఆ విధానంలో భాగమే.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో ఈ ద్రావణాన్ని విస్తృతంగా వాడి అనేక ప్రాణాలను కాపాడిన వైద్యుడు దిలీప్ మహలనబిస్. ఆయన మరణానంతరం 2023లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. 1980 నుంచి బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి తల్లులకు ఈ తయారీని నేర్పారు. పదేళ్ళలో సుమారు కోటి ఇరవై లక్షల ఇళ్ళకు చేరారు. వారు చెంచాలతో గాక చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం అని చేతి కొలతలతోనే నేర్పారు. మరి అది దోషం కాదా? కాదు. ఎందుకంటే కార్యకర్త పక్కనే కూర్చొని తల్లి చేత ద్రావణాన్ని చేయించేవారు. ఆమె ఎంత గుర్తుపెట్టుకున్నదో, ఎంత సరిగా చేసినదో తరువాత పరీక్షించి, దానిని బట్టి కార్యకర్తకు వేతనం చెల్లించేవారు. మనిషి పక్కనుంటే చిటికెడు చాలు. పుస్తకం పక్కన మనిషి ఉండడు. అందువల్ల మనిషి చేసే పనిని కొలత చేయాలి.

మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' అనేక ముద్రణలు పొందడానికి ఇదే కారణమని నేను భావిస్తాను. తల్లికీ అత్తగారికీ దూరంగా పట్నంలో కాపురం పెట్టిన యువతులకు ఆ పుస్తకం పక్కన నిలిచిన పెద్దదిక్కయింది.

గుర్తు

కొలత ఉన్నా సరిపోని సందర్భాలుంటాయి. పొయ్యి మంట ఇంటింటికీ మారుతుంది. ఎండ రోజు రోజుకూ మారుతుంది. అప్పుడు కావలసింది గుర్తు. పని పూర్తయిందని తెలిపే ఆనవాలే గుర్తు. అరిసెల పాకం పట్టే మన ఇల్లాళ్ళకు ఇది బాగా తెలుసు. పాకాన్ని చుక్కగా చల్లని నీటిలో వేసి వేళ్ళతో దగ్గరకు తీస్తారు. మెత్తని ఉండ కడితే అరిసెలకు పాకం వచ్చినట్టు. నీటిలో కరిగిపోతే ఇంకా రానట్టు. ఎన్ని నిమిషాలు కాచాలో చెప్పడం కంటె ఈ గుర్తు చెప్పడం నమ్మదగినది. వరి విత్తనాన్ని నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టిన రైతు కూడా గడియారం చూడడు. తెల్లని మొలక ముక్కు కనిపించగానే నారుమడికి తీసుకుపోతాడు.

మంచి విధాన పుస్తకం ప్రతి మెట్టు దగ్గర గుర్తు చెబుతుంది. గుర్తు కనిపించకపోతే ఏం చేయాలో కూడా చెబుతుంది. "జిగురు ఆరకముందే లాగితే కాగితం చిరుగుతుంది" అనే ఒక్క వాక్యం పిల్లవాడిని నిరాశ నుంచి కాపాడుతుంది. తప్పు జరిగినప్పుడు తనకు చేతకాదని పిల్లవాడు అనుకుంటాడు. పుస్తకంలో ఒక మెట్టు లోపించిందని అతనికి తోచదు. సరిగా ఎంపిక చేయని పుస్తకం వల్ల కలిగే అసలు నష్టం ఇదే.

సామగ్రి, బొమ్మలు, భద్రత

సామగ్రి పిల్లల ఊరిలో దొరకాలి. దేవదారు కాయలతో బొమ్మలు చేయమనే పుస్తకం గోదావరి లంకలోని బాలుడికి పనికిరాదు. అతనికి కొబ్బరాకు, తాటాకు, అరటిదూట, కొబ్బరిచిప్ప కావలసినన్ని ఉన్నాయి. కొబ్బరాకుతో బూర, గాలిగిరక చేయని బాల్యం మన ప్రాంతంలో ఉండేది కాదు. అరవింద్ గుప్తా 1987లో వెలువరించిన అగ్గిపుల్లల నమూనాల పుస్తకంలో ఈ సూత్రమే ఉంది. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో త్రిభుజాలు, చతురస్రాలు, ఘనాకృతులు చేయించాడు. ఆ ట్యూబు ఏ సైకిలు దుకాణంలోనైనా దొరుకుతుంది. త్రిభుజం వంగదు, చతురస్రం వంగుతుంది అనే సత్యం పిల్లల వేళ్ళకే తెలిసిపోతుంది.

బొమ్మలు అలంకారం కోసం గాక అవగాహన కోసం ఉండాలి. ఒక మెట్టుకు ఒక బొమ్మ, ఆ మెట్టు పక్కనే ఉండాలి. పని చేసేవాడికి తన చేతులు ఎలా కనిపిస్తాయో బొమ్మలో అలాగే కనిపించాలి. ఎదురుగా నిలబడినవాడు చూసినట్టు గీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. పుస్తకం తెరచి నేల మీద పెడితే దానంతటదే మూసుకుపోరాదు. ఎందుకంటే చదువరి రెండు చేతులూ పనిలో ఉంటాయి. అక్షరాలు రెండు మూరల దూరం నుంచి కనిపించాలి. వంట బొమ్మలలో ఎప్పుడూ బాలికలే, సుత్తి పట్టిన బొమ్మలలో ఎప్పుడూ బాలురే ఉంటే ఆ పుస్తకం చెప్పకుండా మరొక పాఠం చెబుతున్నదని గ్రహించాలి.

నిప్పు, కత్తి, నీరు, విద్యుత్తు ఉన్నచోట హెచ్చరిక ఆ పని చెప్పకముందే రావాలి, తరువాత కాదు. పెద్దల సహాయం ఏ మెట్టు దగ్గర కావాలో స్పష్టంగా ఉండాలి.

ఎవరి పని పుస్తకమవుతుంది?

ఇక అన్నింటికంటె ముఖ్యమైన విషయం. నర్సాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలో తరతరాలుగా స్త్రీలు సన్నని దారంతో లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఆ పనితనం విదేశీ విపణులకు చేరింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల జీవనాన్ని పరిశోధించి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. గంటల తరబడి అల్లినా వారిని శ్రామికులుగా గాక, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కించారని, అందువల్లే వారి కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె వివరించింది. పనిగా గుర్తింపు పొందని పని పుస్తకంలోకి రాదు. పుస్తకంలోకి రాని పనిని విద్యగా ఎవరూ గౌరవించరు.

1937లో వార్ధా విద్యాసమావేశంలో గాంధీజీ చేతిపని ద్వారా విద్యను ప్రతిపాదించాడు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బడిలోని జ్ఞానాన్ని బడి వెలుపలి జీవితంతో ముడిపెట్టాలని చెప్పింది. ఆశయాలు ఉన్నతమైనవే. అవి తరగతిలోకి రావాలంటే పుస్తకాల అర గుండా రావాలి. తల్లి లేసు అల్లే ఇంటి బిడ్డ, తండ్రి వల నేసే ఇంటి బిడ్డ, పీచు ఒడికే ఇంటి బిడ్డ బడిలోని పుస్తకాలలో తమ ఇంటి పనిని ఎన్నడూ చూడకపోతే, ఆ పనిలో తెలివి లేదని పెద్దవారయ్యేలోగా నమ్ముతారు. మనం పుస్తకాన్ని ఎంచుకున్నప్పుడల్లా ఎవరి తెలివిని విద్యగా అంగీకరిస్తున్నామో కూడా నిర్ణయిస్తున్నాము.

పుస్తకం దొరకకపోతే

మీ ఊరి పనిని గురించి తగిన పుస్తకం దొరకకపోవచ్చు. అప్పుడు మీరే రాయవచ్చు. పని తెలిసినవారి పక్కన కూర్చొని చూడండి. వారు చెప్పినదే గాక, చెప్పకుండా చేసినది కూడా రాసుకోండి. చేయి తిరిగినవారు కొన్ని మెట్లను చెప్పడం మరచిపోతారు. అవి వారికి అంతగా అలవాటైపోయి ఉంటాయి. ఆ తరువాత ఆ పని ఎన్నడూ చేయనివారి చేతికి కాగితం ఇచ్చి, మీరు ఒక్క మాటా మాట్లాడకుండా చూడండి. వారు ఆగినచోట మీ రచన ఆగినట్టు. అక్కడ దిద్దండి. దుకాణంలో కొనే పుస్తకానికీ ఇదే పరీక్ష. అరలో పెట్టేముందు దానిలోని ఒక్క పనినైనా ఒక పిల్లవాడి చేత చేయించి చూడాలి.

నేను ఆ పల్లె పాఠశాలకు మరునెలలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి పుస్తకం తీసుకువెళ్ళలేదు. ఆ బాలికనూ ఆమె తల్లినీ అడిగి తెలుసుకున్నాను. తల్లి చెబుతుంటే బాలిక రాసింది. నానబెట్టిన జయ బియ్యాన్ని మెత్తగా రుబ్బి పలుచని పాలలా కలపడం, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టడం, పలుచని బట్టను పిండిలో ముంచి కుండ మీదుగా ఒక్క లాగుతో తీయడం, క్షణంలో ఆరిన రేకును చిరగకుండా విడదీయడం, తరువాత తడిబట్టతో మెత్తబరచి, నెయ్యి రాసి, బెల్లంపొడి చల్లి మడవడం వరుసగా కాగితం మీదికి వచ్చాయి. "కుండ కాగిందని ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగాను. "పిండి బట్ట లాగగానే రేకు అంచులు తమంత తామే లేస్తాయండి. లేవకపోతే ఇంకా కాగలేదన్నమాట" అంది తల్లి. బాలిక ఆ వాక్యం కింద గీత గీసింది. నిప్పు దగ్గరి పని కాబట్టి పెద్దలు లేనిదే చేయరాదని మొదటి పంక్తిగా చేర్చింది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు నాకు ఆ కాగితమే గుర్తుకు వచ్చింది. ఆ కాగితం పైభాగాన రచయిత పేరు రాయమంటే బాలిక కొంచెంసేపు ఆలోచించి తల్లి పేరు రాసింది. ఆ తల్లికి చదవడం రాదు. తన పేరు ఉన్న చోటును వేలితో తడిమి చూసుకుంది. ఆనాడు ఆ పాఠశాల అరలో చేరిన విధాన పుస్తకాలలో నేను నిస్సంకోచంగా ఎంపిక చేసినది ఆ ఒక్క కాగితమే.

కఠిన పదాలు - అర్థాలు

అసమాపక క్రియ = వాక్యం ముగియని క్రియ
ఆనవాలు = గుర్తు
బోదె = పొలానికి నీరు చేర్చే చిన్న కాలువ
మండె కట్టడం = నానిన విత్తనాన్ని మొలకెత్తడానికి సంచిలోనో బుట్టలోనో కప్పి ఉంచడం
రసానుభూతి = కావ్యాన్ని చదివినప్పుడు కలిగే ఆనందం
విపణి = అంగడి, మార్కెట్టు
నిస్సంకోచంగా = సంశయం లేకుండా

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బాలలకు తగిన విధాన పుస్తకాన్ని ఎంపిక చేయడంలో కొలత, గుర్తు అనేవాటి ప్రాధాన్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. "మనం పుస్తకాన్ని ఎంచుకున్నప్పుడల్లా ఎవరి తెలివిని విద్యగా అంగీకరిస్తున్నామో కూడా నిర్ణయిస్తున్నాము" - రచయిత అభిప్రాయాన్ని సమర్థిస్తూ రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. వర్ణనకూ విధానానికీ గల భేదం ఏమిటి?
2. చేతి కొలతలు ఎప్పుడు చాలును? ఎప్పుడు చాలవు?
3. అసమాపక క్రియలు విధాన రచనకు ఎలా తోడ్పడతాయి? ఎప్పుడు ప్రమాదమవుతాయి?

III. ప్రాజెక్టు పని
మీ ఊరిలో ఒక చేతిపని తెలిసినవారిని కలిసి, ఆ విధానాన్ని పది వాక్యాలలో రాయండి. ఆ పని తెలియని మిత్రునికి చదవడానికి ఇచ్చి, అతడు ఎక్కడ ఆగినాడో గమనించి తిరిగి రాయండి.